జేబులో మిగిలిన రాయి

క్వారీలో ఆమెను అందరూ జెండాక్క అనేవారు. అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదోనని తమ్ముడు వేళాకోళం చేసేవాడు. చేతిలో ఎర్రజెండా, మెడలో ఈల, ఒంటిమీద నారింజరంగు కోటు. ఆ కోటు ఎవరో భారీ మనిషి కొలతలకు కుట్టింది, దాని భుజాలు ఆమె మోచేతుల దాకా జారేవి. మార్చి ఇస్తామని స్టోరు వాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. దాని జేబులు లోతైనవి. ఆమె పనికి ఆ జేబులే ముఖ్యం.

కొండను పేల్చడం దూరం నుంచి విన్నవాళ్ళకు అదంతా ఒకటే గోల. దగ్గర పనిచేసేవాళ్ళకు అలా కాదు. ముందు డ్రిల్లు పట్టినవాళ్ళు రాతిలో వరసగా కన్నాలు వేస్తారు. బ్లాస్టింగ్ మేస్త్రీ ఒక్కో కన్నంలో పేలుడు మందు తూటాలు దించి, వత్తి బయటికి వదిలి, పైన మట్టి కూరుతాడు. వత్తులు ఒకదానికంటే ఒకటి కాస్త పొడుగ్గా ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి కాకుండా ఒకదాని వెనక ఒకటి పేలతాయి. ఎన్ని కన్నాలు నింపారో అన్ని మోతలు వినపడాలి. ఒక్కటి తగ్గినా రాళ్ళ కింద ఎక్కడో ఒక తూటా ఇంకా ప్రాణంతో ఉన్నట్టే, ఆ చుట్టుపక్కలకు మనిషి పోకూడదు. అన్నీ పేలాయని మేస్త్రీకి నమ్మకం కుదిరాకే పొడుగు సైరన్ మోగించాలి. అది విన్నాకే మిగతావాళ్ళు గునపాలు పట్టుకుని దిగాలి.

ఆ మేస్త్రీ ఆమె భర్తే. క్వారీలో ఆయనకు మూగదొర అని పేరు. వెనక నుంచి పిలిస్తే పలకడు, మేనేజరు కేకలేసినా తల తిప్పడు, నలుగురూ నవ్వుకునే చోట నవ్వడు. మందు చేతిలో ఉన్నవాడికి ఆ మాత్రం టెక్కు ఉంటుందిలే అని జనం సరిపెట్టుకున్నారు. టెక్కూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆయనకు చెవులు లేవు. ఏళ్ళ తరబడి ఆ మోతల పక్కనే నిలబడి ముందు ఎడమ చెవి పోయింది, తరవాత కుడిది కూడా దాని వెనకే పోయింది. ఆ సంగతి తెలిసింది ఆయనకూ, ఆమెకూ మాత్రమే.

లైసెన్సు నిలబడాలంటే ఏటా పట్టణ కార్యాలయం పెట్టే పరీక్షకు వెళ్ళాలి. డాక్టరు కళ్ళు చూసేవాడు, చేతులు చాపమని వణుకుతున్నాయేమో చూసేవాడు. చెవుల సంగతి ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి తేల్చేసేవాడు. ఎదురుగా కూర్చుంటే మూగదొరకు పెదాలు చాలు. ఏటా పాసయ్యేవాడు.

చెవిటివాడు మోతలు ఎలా లెక్కపెడతాడని అడగవచ్చు. ఆయన లెక్కపెట్టేవాడు కాదు, ఆమె లెక్కపెట్టేది. కన్నాలు నింపడం అయ్యాక ఎన్ని నింపాడో అన్ని గులకరాళ్ళు ఏరి, తెచ్చి ఆమె కోటు ఎడమ జేబులో వేసేవాడు. తరవాత ఆయన ఇనుపరేకుల గూట్లోకి వెళ్ళి కూర్చుంటే, ఆమె రోడ్డుకూ గూటికీ మధ్యనున్న దిబ్బ ఎక్కి జెండా పట్టుకుని నిలబడేది. మోత వినపడగానే ఒక రాయి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మారేది. ఎడమ జేబు ఖాళీ అయితే పిడికిలి ఎత్తి చూపేది. ఏదైనా మిగిలితే అరచెయ్యి విప్పి చూపేది. గూటి కంతలోంచి ఆయన ఆ చెయ్యి చూసేవాడు. పిడికిలి అయితే సైరన్. అరచెయ్యి అయితే మర్నాటి దాకా ఎవ్వరూ అటు పోవడానికి వీల్లేదని అడ్డంగా నిలబడేవాడు, మేనేజరు ఎంత ఎగిరినా సరే.

రోజూ ఈ రాళ్ళ తతంగం చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది.

"పూలు తెచ్చి ఇవ్వాల్సింది పోయి రాళ్ళు పోస్తావేంటి బావా?" అనేవాడు తమ్ముడు.

"గాలికి మీ అక్క ఎగిరిపోకుండా" అనేవాడు మూగదొర, వాడి పెదాలు చూసి.

తమ్ముణ్ణి అందరూ హుషారు అని పిలిచేవారు. తల్లి పోయేసరికి వాడు ఇంకా నిక్కర్ల వయసులోనే ఉన్నాడు. జెండాక్క వాణ్ణి చంకన వేసుకునే కాపరానికి వచ్చిందని చెప్పుకునేవారు. డ్రిల్లు పట్టడం నేర్పింది బావే. ఏ పనికైనా ముందు ఉరికేవాడు, సైరన్ మోగితే అందరికంటే ముందు దిగేది వాడే. పని లేని రోజున గాలం పట్టుకుని వాగు ఒడ్డున కూర్చునేవాడు. ఆ గంటలు తప్ప మిగతా కాలమంతా వాడి నోరు మూతపడేది కాదు.

ఇలా సాగుతుండగా ఒకరోజు కొండ మీది నుంచి రాయి ఒకటి ఎగిరి రోడ్డు మీద పోతున్న బస్సు అద్దాన్ని బద్దలుకొట్టింది. డ్రైవరుకు కన్ను పోయింది. ఊళ్ళో గొడవైంది, పట్టణ కార్యాలయం ముందు జనం కూర్చున్నారు. కొన్నాళ్ళకు కొత్త నిబంధనలు వచ్చాయి. తెచ్చినావిడ సన్నగా, నెమ్మదిగా మాట్లాడే ఇన్‌స్పెక్టరు. రోజంతా ఎండలో తిరిగి క్వారీనీ రోడ్డునూ టేపుతో కొలిపించింది. పేల్చే వేళ ఒక్కటే ఉండాలి. ఆ వేళకు కంకర కొట్టే క్రషర్ ఆపాలి. జెండా పట్టేవాళ్ళు ఇకనుంచి దిబ్బ మీద కాదు, రోడ్డు మలుపులో తాడు కట్టి బండ్లు ఆపాలి, సైరన్ మోగేదాకా అక్కడి నుంచి కదలకూడదు. సైరన్ మోగించే అధికారం లైసెన్సున్న మేస్త్రీకి తప్ప ఇంకెవరికీ లేదు.

మేనేజరు అవన్నీ చదివి వినిపిస్తుంటే జెండాక్క ఒకసారి దిబ్బ వైపూ, ఒకసారి మలుపు వైపూ చూసింది. రోడ్డు మలుపులో నిలబడితే కొండ భుజం అడ్డు. గూడు కనపడదు. గూటికి ఆమె చెయ్యి కనపడదు. పోనీ నిబంధనల్లో తప్పు పడదామా అంటే పట్టడానికి ఏమీ లేదు. ఆ డ్రైవరు కన్ను తలచుకుంటే ఈ పని ఎప్పుడో చేయాల్సిందని ఆమెకే అనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో దీపం వేసి, భర్తను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. వాళ్ళింట్లో చీకట్లో మాటలు ఉండేవి కావు. మొహం కనపడితేనే మాట.

"చెప్పేద్దాం" అంది.

"ఏమని?"

"నీకు వినపడదని."

"చెబితే రేపటి నుంచి ఈ గోడలు చూస్తూ కూర్చోవాలి. మందు తప్ప నాకు ఇంకేం పని వచ్చు?"

"పోనీ తమ్ముడికైనా చెబుదాం. నీ పక్కన కూర్చుని వాడు లెక్కపెడతాడు."

"వాడికా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా చెవిటి మేస్త్రీ అని ఊరంతా అంటుంది." కాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "గూటి రేకు మీద అరచెయ్యి ఆనిస్తే ప్రతి మోతా నాకు తెలుస్తుంది. నువ్వు పిడికిలి చూపకముందే తెలుస్తుంది. ఈ ఒక్క ఏడాదీ లాగించనియ్యి. వచ్చే పరీక్షకు వెళ్ళను. నేనే మానేస్తాను."

ఆయన ఏదైనా అడగడం అరుదు. అడిగేసరికి ఆమె మెత్తబడింది. మెత్తబడకుండా ఉండాల్సింది. ఇరవై మంది ప్రాణాల మీద ఇద్దరు కూర్చుని చేసుకునే ఒప్పందం కాదది. కానీ ఆ దీపం కింద ఆమెకు ఇరవై మంది కనపడలేదు, ఎదురుగా ఉన్న మనిషి ఒక్కడే కనపడ్డాడు.

మొదట్లో అంతా సవ్యంగానే జరిగింది. రాళ్ళు జేబులో వేయడం మానలేదు. ఆమె రోడ్డు మలుపులో లెక్కపెట్టేది, ఆయన రేకు మీద చెయ్యి ఆనించి లెక్కపెట్టేవాడు. ఇంటికి వచ్చాక లెక్క సరిచూసుకునేవారు. ప్రతిసారీ కలిసింది. ఆయనకు ధీమా పెరిగింది. "చూశావా, చెవులు చేతికి దిగాయి" అని అరచెయ్యి ఆమె మొహం ముందు ఆడించాడు ఒకరోజు. ఆమె కూడా నవ్వింది. భయం అలవాటైపోతే భయంలా ఉండదు మరి.

ఆ రోజు కూడా మామూలు రోజే. తాడు అవతల బస్సు ఒకటి, రెండు లారీలు ఆగి ఉన్నాయి. బస్సులో ఎవరో పిల్ల ఏడుస్తోంది. మొదటి మోత వినపడింది, రాయి మారింది. ఆ తరవాత వరసగా మోతలు, వరసగా రాళ్ళు. మధ్యలో ఇంకో చప్పుడు. ధన్‌మని మొదలై చివర్న గలగల్లాడింది. జెండాక్క చెయ్యి జేబులో కదలలేదు. అది కొండ చప్పుడు కాదు, ఇనుము చప్పుడు. క్రషర్ దగ్గర ఏదో టిప్పరు కంకర దించి వెనకతలుపు పడేసింది. క్రషర్ ఆపాలని నిబంధన ఉంది కాబట్టి క్రషర్ ఆగే ఉంది. టిప్పర్ల గురించి అందులో రాయలేదు. ఇదివరకు దిబ్బ మీది నుంచి జెండా ఊపి టిప్పర్లను కూడా ఆమే ఆపేది. ఇప్పుడు ఆ వైపు చూసేవాళ్ళు లేరు.

మళ్ళీ మోతలు. ఆ తరవాత నిశ్శబ్దం. ఆమె ఎదురుచూసింది. ఎడమ జేబులో చెయ్యి పెట్టి తడిమింది. మూలన ఒక రాయి తగిలింది. నున్నటి రాయి. ఇంకొకటి రావాలి, వస్తుంది, వత్తి కాస్త పొడుగ్గా ఉండి ఉంటుంది అనుకుంది.

పొడుగు సైరన్ మోగింది.

ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. టిప్పరు తలుపు పడ్డ అదురు గూటి రేకు దాకా పాకింది. ఆయన చేతికి ఇనుమూ కొండా ఒక్కటే. లెక్క సరిపోయిందనుకున్నాడు.

జెండా పారేసి పరిగెత్తింది. వెనక బస్సు హారన్ కొడుతోంది, ఎవరో తిడుతున్నారు. కొండ భుజం దాటేసరికి అందరి వీపులూ కనపడ్డాయి. అందరికంటే ముందు తమ్ముడు, గునపం భుజాన వేసుకుని అప్పటికే రాళ్ళ గుట్ట మీద ఉన్నాడు. అరిచింది. దూరానికి అరుపు అందలేదు. ఈల నోట పెట్టుకుని ఊపిరంతా పెట్టి ఊదింది.

వాడు విన్నాడు. ఆగి వెనక్కి తిరిగాడు. అక్క అలా పడుతూ లేస్తూ రావడం వాడెప్పుడూ చూడలేదు. ఏమైందక్కా అన్నట్టు చెయ్యి ఎత్తబోతూ, అడ్డంగా ఉన్న గునపాన్ని భుజం మీది నుంచి దించి పక్కనున్న రాళ్ళ సందులో గట్టిగా గుచ్చాడు.

రావలసిన ఆఖరి మోత అప్పుడు వచ్చింది.

వాణ్ణి ఇంటికి ఎలా తెచ్చారో చెప్పడం నాకు చేతకాదు. మీరు వినవలసినది కూడా కాదు. మొహం మీది గుడ్డ తీయొద్దని మాత్రం అందరూ వాడి భార్యకు, జెండాక్క మరదలికి చెప్పారు. ఆ అమ్మాయి తీయలేదు, చెయ్యి బయటికి ఉంటే ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మూడో రోజుకు మేనేజరు ఒక కథ తయారుచేశాడు. కన్నాలన్నీ పేలాయట. మేస్త్రీ అందుకే సైరన్ మోగించాడట. హుషారే స్టోరులోంచి ఒక తూటా దొంగిలించి రాళ్ళలో దాచుకున్నాడట, వాగులో పేల్చి చేపలు పట్టడానికి. వాడి చేపల పిచ్చి అందరికీ తెలిసిందే కాబట్టి కథ బాగా అతికింది. తూటాలు కాజేసి చేపలు పట్టినవాళ్ళు ఆ క్వారీలో ఇదివరకు లేకపోలేదు కూడా. నాలుగు రోజుల్లో అది కథ కాస్తా నిజమైపోయింది.

అందరికంటే గట్టిగా దాన్ని నమ్మినవాడు మూగదొర. లెక్క సరిపోయిందని ఆయన చెయ్యి ఆయనకు సాక్ష్యం చెప్పింది, ఆ రోజు ఆమె లెక్క ఎంతని అడగనూ లేదు. అలాంటప్పుడు బావమరిది చావుకు ఇంకో కారణం ఉండి తీరాలి. దీపం కింద కూర్చుని ఏడ్చేవాడు, ఏడుస్తూనే తిట్టేవాడు.

"చేపలు కావాలంటే నన్ను అడగకూడదా? బజారులో కొనివ్వనా? దొంగతనం చేసి చావాలా వెధవ?"

జెండాక్క ఆయన ఎదురుగానే కూర్చునేది. మొహం మాత్రం పక్కకు తిప్పుకునేది, పెదాలు ఆయనకు కనపడకుండా. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. కొడుకులా పెంచిన పిల్లవాణ్ణి నువ్వే చంపావని ఆ మనిషికి చెప్పాలి. చెప్పకపోతే తన తమ్ముడు దొంగగా మిగులుతాడు. ఈ రెంటి మధ్యా ఆమెకు తిండి సహించలేదు, నిద్ర లేదు. పైగా తన ఈల ఒకటి చెవుల్లో మోగుతూ ఉండేది. ఊదకపోతే వాడు ఆగేవాడు కాదు, ఆగకపోతే గునపం ఇంకెక్కడో దిగేది. మేకుకు తగిలించిన నారింజరంగు కోటు వైపు చూడ్డానికే ఆమెకు ధైర్యం చాలేది కాదు. ఎడమ జేబులో ఆ రాయి అలాగే ఉంది.

విచారణకు ముందురోజు మరదలు వచ్చింది. చేతిలో ఒక రేకు డబ్బా. మూత తీసి చూపించింది. గాలాలు, దారపు ఉండ, ఈకతో చేసిన బెండు.

"ఇవి ఆయనవి వదినా" అంది. "తూటాతో పట్టేవాళ్ళంటే ఆయనకు ఒళ్ళు మంట. పిల్లచేపలతో సహా చస్తాయని వాళ్ళతో కొట్లాడి వచ్చాడు ఒకసారి. ఆయన దొంగ కాదు. నేను చెబితే పెళ్ళాం కాబట్టి చెబుతోందంటారు. నువ్వు చెబితే నమ్ముతారు. చెబుతావా వదినా?"

జెండాక్క ఆ దారపు ఉండను చేతిలోకి తీసుకుని, చిక్కు లేకపోయినా చిక్కు తీస్తున్నట్టు వేళ్ళు ఆడించింది. తలెత్తకుండానే "రేపు కోటు వేసుకుని వస్తాను" అంది. మరదలికి ఆ మాట అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

విచారణ పట్టణ కార్యాలయంలో ఒక చిన్న గదిలో జరిగింది. రోడ్డు రొద వినపడకుండా కిటికీలు మూశారు. పొడుగు బల్ల, దాని వెనక ఇన్‌స్పెక్టరు, ఆమె ముందు కొండ నమూనా గీసిన కాగితం. మేనేజరు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మరదలు వెనక బెంచీ మీద రేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూగదొర బల్లకు ఎదురుగా, ఆయన పక్కనే జెండాక్క.

మేనేజరు తన కథ తడుముకోకుండా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు మధ్యలో ఆపలేదు. విన్నదంతా రాసుకుంది. తరవాత తల వంచి రాసుకుంటూనే, మామూలుగా అడిగింది.

"మేస్త్రీగారూ, నింపిన కన్నాలన్నీ పేలాయా?"

తల వంచి ఉండేసరికి ఆమె పెదాలు కనపడలేదు. మూగదొరకు ఏదో అడిగారని మాత్రం తెలిసింది, ఎందుకంటే గదిలో అందరూ ఆయన వైపు చూస్తున్నారు. ఏళ్ళ అలవాటు ప్రకారం ఆయన కళ్ళు భార్య చేతి కోసం వెతికాయి.

ఆ చెయ్యి కోటు ఎడమ జేబులో ఉంది.

"మిమ్మల్నే అడుగుతున్నాను" అంది ఇన్‌స్పెక్టరు. జవాబు రాకపోయేసరికి కలం ఆపి తలెత్తి చూసింది. మేస్త్రీ తన వైపు కాక పక్కకు ఎందుకు చూస్తున్నాడో ఆమెకు అంతుపట్టలేదు.

జెండాక్క చెయ్యి బయటికి తీసింది. పిడికిలి. మూగదొర మొహంలో బిగువు సడలింది. అన్నీ పేలాయి. తన చెయ్యి తప్పు చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి అవునని చెప్పడానికి నోరు తెరిచాడు. జెండాక్క ఇంకో చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆయన మళ్ళీ తిరిగేదాకా ఆగి, పిడికిలి విప్పింది.

అరచేతిలో రాయి ఉంది.

ఆయన దానికేసి చూశాడు. అది ఆ రోజు తను ఏరి వేసిన రాయే. ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఈసారి మొహం తిప్పుకోలేదు. కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు కూడా. "టిప్పరు తలుపు" అంది, చప్పుడు లేకుండా, పెదాలతోనే. ఆయన తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తరవాత దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టి, పైన రెండో చెయ్యి కప్పాడు.

లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. ఆ చిన్న గదిలో మేనేజరు ఉలిక్కిపడ్డాడు.

"ఒకటి పేలలేదు మేడమ్. సైరన్ మోగించింది నేను. పిల్లవాడు ఏ తూటా దొంగిలించలేదు."

ఇన్‌స్పెక్టరు కలం కింద పెట్టింది. వెనక బెంచీ దగ్గర రేకు డబ్బా నేల మీద పడి, మూత ఊడి గాలాలు చెల్లాచెదురయ్యాయి. అందరూ అటు తిరిగారు. మూగదొర ఒక్కడే తిరగలేదు.

ఇన్‌స్పెక్టరు ఏదో అడగబోయింది, మళ్ళీ చూపు కాగితం మీదికి పోయింది. ఆయన బల్ల మీదికి కాస్త వంగి, అంత గొంతుతోనే, ఇన్నేళ్ళుగా దాచుకున్న మాటను చెప్పాడు.

"ఏం అడిగినా తలెత్తి నా వైపు చూసి అడగండి మేడమ్. నాకు చెవులు వినపడవు."